నిప్పుకు దాణా

నాలుగేండ్లు మా డాబా మీద
చిన్న ఫ్రిజ్జంత కరెంటు పెట్టె ఒకటి పొగ కాసింది.
ప్లగ్గు పెడితే కాయిలు ఎర్రబడేది,
పళ్ళెంల గుప్పెడు మామిడి చెక్కపేళ్లు
మండకపోయేటివి, ఆరకపోయేటివి, మూలుగుతుండేటివి.
అద్దం తలుపు వెనక కోడి
దవాఖాన్ల పేషెంటు లెక్క చెమటలు పట్టి పండేది.
ఆరు గంటలకు బయటికి తీస్తే
లోపల పండంత మెత్తన, మీద తోలు రబ్బరు.
ఎస్తేరు తోలు ఒలిచి పక్కన పెట్టేది.
ఏమీ అనకపోయేది.
ఆ అనకపోవుడే వినపడేది.

బోనాల ముందర వారం
బోయిన్‌పల్లిల ఇల్లు ఖాళీ చేసేటాయన దగ్గర
సగం ధరకు దొరికింది పెల్లెట్ గ్రిల్లు.
ట్రాలీ ఆటోల నిలబెట్టి తెస్తుంటే
మెట్టుగూడ చౌరస్తాల పోలీసాయన అడిగిండు:
“ఏందిది, బాయిలరా?”
అవునన్న. సగం నిజమే.

పెల్లెట్లంటే ఏం లేదు,
కాటేదాన్ సామిల్లుల రాలిన రంపపు పొట్టు
ఒత్తి ఒత్తి గింజలు చేస్తరు.
సంచి విప్పంగనే పక్కింటి మొజ్జం భాయ్ పావురాలు
దాణా అనుకొని దిగినయి.
ఒకటి ముక్కున కరిచి, జర ఆలోచించి,
నా దిక్కు చూసి ఉమ్మేసింది.

గింజలు తొట్టిల పోస్తే
అడుగున మర ఒకటి తిరుగుతది,
చిటికెడు చిటికెడు నిప్పు నోట్లె పెడుతది.
కుర్చీ ఏసుకుని ఆ చప్పుడు విన్న.
కిర్రు. నిశ్శబ్దం. కిర్రు.

ఆ పని మా నాయనది.
లాలాగూడ షెడ్డుల స్టీమింజన్ ఫైర్‌మన్.
కాజీపేట దాక పారలకు పారలు బొగ్గు
ఇంజను నోట్లెకు ఇసిరేటోడు.
కుడి కనుబొమ్మ ఎప్పుడూ సగమే ఉండేది.
ఒకపాలి, ఏడేండ్ల నన్ను షెడ్డుకు తోల్కపోయి
పార కడిగి, దాని మీద గుడ్డు కొట్టి
ఇట్ల లోపల పెట్టి అట్ల తీసిండు.
అంచులు లేసు లెక్క కరకర,
నడుమ పచ్చసొన ఇంకా వణుకుతుండె.
బొగ్గు వాసన. ఇంజనాయిలు వాసన. ఉప్పు లేదు.
దాని కోసమే ఈ పెట్టెలన్నీ కొంటున్నానని
ఎస్తేరుకు చెప్పలే.

మొదటి ఐతారం తోలు పటపటలాడింది.
ఎస్తేరు ఒలవలే, తిన్నది.
తిని, చెయ్యి కడుక్కుంట అన్నది:
“పాతదాంట్ల పొగ ఉంటుండె, తోలు లేకుండె.
దీంట్ల తోలున్నది, పొగ లేదు.”
గుడ్డు ముచ్చట చెప్పాల్సింది అప్పుడే.
బొక్కలు ఏరి కుక్కకు తీసిపెట్టిన.

పాత పెట్టెల ఇప్పుడు గొడుగులు పెడుతున్నది.
వాన రోజు ఆమె గొడుగు తెరిస్తే
బస్టాపంతా ఆకలైతది.

ఆగస్టుల ఒక రాత్రి తొట్టి మూత మరిచిన.
పొద్దున చూస్తే గింజలు లేవు,
ఉబ్బి, ఇచ్చుకుని, మళ్ళ పొట్టయినయి.
మర బిగుసుకున్నది.
చెంచతోటి తవ్వుతుంటే పచ్చి చెక్క వాసన,
ఏ తోటదో, ఏ ఇంటి దర్వాజదో.
సగం రోజు పట్టింది. మోకాళ్ళు కూడ బిగుసుకున్నయి.

పోయిన వారం, కోడి ఇంకా పచ్చిగుండంగనే
కరెంటు పోయింది.
మర ఆగింది, ఫ్యాను ఆగింది.
నిప్పును వండేటి పెట్టెకు కూడ
ప్లగ్గు ఉన్నదని అప్పుడు యాదికొచ్చింది.
జాలి ఎత్తి చూస్తే, కుండల నిప్పు
ఎవరు పెడుతరా అన్నట్టు
నోరు తెరిచి చూస్తున్నది.
వంటింట్లకు పోయి పొడుగు అట్లకాడ తెచ్చి
దాని మీద పిడికెడు గింజలు పోసి అందిచ్చిన.
ఇంకో పిడికెడు. ఇంకోటి.
ఎస్తేరు టార్చి పట్టుకుని నిలబడ్డది,
సీతాఫల్‌మండి దాక చీకటి.

“కనుబొమ్మ పైలం,” అన్నది.