ఏడో ప్రశ్న

శిక్షణ రోజున తలా ఒక కాగితం ఇచ్చారు.
పేరు రాయనక్కర్లేదు,
సర్వీసు ఎన్నేళ్లో రాస్తే చాలన్నారు.
పంతొమ్మిది అని రాశాను, కాస్త గర్వంగానే.

ఏడో ప్రశ్న:
గర్భిణికి మంట లేదు, జ్వరం లేదు.
మూత్రం కల్చర్‌లో మాత్రం క్రిములు బాగా ఉన్నాయి.
మందు ఇవ్వాలా?

అక్కర్లేదు అన్న గడిలో టిక్కు పెట్టి
పక్కనున్న తమిళ్‌సెల్వి కాగితంలోకి తొంగిచూశాను.
ఆమె పెట్టిందీ అదే.
కిటికీ బయట పుళియాంతోపు వాన.
టీ వచ్చింది, బిస్కెట్లు మెత్తబడి ఉన్నాయి.

తర్వాత జవాబులు చదివారు.
ఇవ్వాలి, అన్నాడు నాకంటే పదేళ్లు చిన్న డాక్టరు.
కొన్నాళ్లు చప్పుడు చెయ్యవు,
ఆనక కిడ్నీలకెక్కుతాయి, అన్నాడు.

పెంచలమ్మ గుర్తొచ్చింది.
కార్పొరేషన్ చీపురు, మెరుపు పట్టీల కోటు.
ఆరో నెలకే గుండీలు అందలేదు దానికి.
డాక్టరమ్మతో తమిళం, నాతో తెలుగు.
చీటీ మడిచి రవికెలో దోపుకుని
గుమ్మం దాటబోతూ అంది:
"వేడి చేసినట్టుందక్కా."

తెల్లారగట్ల నాలుగున్నరకి వీధెక్కితే
పదకొండు దాకా కూర్చునే చోటు దొరకదు వాళ్లకి.
అందుకే నీళ్లు తాగరు.
నాకు తెలుసు. తెలిసే చెప్పాను,
మజ్జిగ తాగమని, సబ్జా నానబెట్టుకోమని.

వేడి.
ఎంత వీలైన మాట!
కళ్లు మండినా వేడే, సెగ్గడ్డ లేచినా వేడే.
మా అమ్మ నోట అది ఓదార్పు.
యూనిఫాం వేసుకున్న నా నోట
తలుపు వేసెయ్యడం.

ముప్పై ఒకటో వారం.
వణుకు, నడుము పక్కన పోటు,
అర్ధరాత్రి ఆటోలో ఎగ్మూరు.
అద్దాలపెట్టెలో కేజీ మూడొందల గ్రాముల ఆడపిల్ల.

బతికింది.
అందుకే నన్నెవరూ ఏమీ అడగలేదు.
అది దానివల్లేనా? ఎవరు చెప్పగలరు!
పరీక్ష చేసి ఉంటే కదా.

ఇప్పుడు మొదటిసారి వచ్చినవాళ్లందరికీ
మూత పెట్టిన సీసా ఇస్తాను.
మొదటి ధార వదిలెయ్యి, నడిమిది పట్టు,
రెండు భాషల్లో, సిగ్గు లేకుండా.
లేబొరేటరీ బండి మధ్యాహ్నం గాని రాదు.
టీకాల పెట్టెలో పెట్టకూడదు కనుక
తమిళ్‌సెల్వి ఇంటి నుంచి ఐస్‌డబ్బా తెచ్చింది.
ఫ్రిజ్ కోసం మూడు ఉత్తరాలు రాశాం.
మాత్రలైపోయాక మళ్లీ సీసా అంటే విసుక్కుంటారు.
"నాకేం లేదు కదక్కా."
ఏం లేదనే అడుగుతున్నానమ్మా.

ఇంకొకటి.
మా సెంటర్ మరుగుదొడ్డి తాళంచెవి
ఇన్నాళ్లూ వాచ్‌మన్ జేబులో ఉండేది.
ఇప్పుడది గేటు లోపల మేకుకు వేలాడుతుంది,
ఊడ్చేవాళ్ల చెయ్యి అందేంత ఎత్తులో.

నిన్న పెంచలమ్మ వచ్చింది,
చీపురు గోడకానించి, తాళం తీసుకుని.
నాలుగేళ్ల పిల్ల నా బల్ల దగ్గర నిలబడి
స్టెతస్కోపు లాగుతోంది.
ఉన్నట్టుండి ఈ మేకెందుకు కొట్టావని
వాళ్లమ్మ అడగలేదు.
అడుగుతుందేమోనని
రిజిస్టర్‌లోంచి తల ఎత్తలేదు నేను.