వెనక చీటీ

సీసా వెనక అతికించే చీటీకి
నాలుగు ముక్కలు రాసిమ్మన్నాడు
మద్రిద్ వ్యాపారి ఫెర్మీన్.
రంగు, వాసన, రుచి, ఏ తిండితో తాగాలి.
శుక్రవారానికల్లా పంపమన్నాడు.

ఇవాళ గురువారం.
బియెర్థో కొండల మీంచి మంచు దిగుతోంది.
చిల్లుల పెనంలో చెస్ట్‌నట్ కాయలు చిటపటమంటున్నాయి.
ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

రంగు సులువే:
నేరేడుపండు తిన్న నాలుక.
గ్లాసు వంచితే అంచున కాస్త ఊదా.
ఇంకా లేతదని ఆ ఊదాయే చెప్పేస్తుంది.

రుచీ చెప్పగలను.
ముందు పులుపు,
పుల్లచెర్రీ, గింజదాకా కొరికిన దానిమ్మ.
దాని వెనకే వగరు.
మొరటు వగరు కాదు,
బుగ్గల్ని లోపల్నుంచి ఎవరో మెల్లగా లాగినట్టు.
చివర్న ఒక్క మిరియం.
మింగేశాక, తడిసిన పలకరాయి.

రాయి రుచి నీకెలా తెలుసంటాడు ఫెర్మీన్.
మా ఇళ్లకప్పులు పలకరాయి,
మా తీగల కింద నేలంతా పలకరాయి పెచ్చులు.
చిన్నప్పుడు నాకని వాళ్లెవరు ఇక్కడ?

వాసన దగ్గరే ఆగిపోయాను.

మా నాన్న దెల్మీరో
ఇరవయ్యారేళ్లు బొగ్గుగనిలోకి దిగాడు.
గని మూసేశారు, దుమ్ము ఆయనలోనే ఉండిపోయింది.
పరిహారం కాగితంలో
పాడైన ఊపిరితిత్తులకు లెక్క కట్టారు.
పోయిన ముక్కుకి గడి లేదు.

తాత నాటిన ముసలి మెన్‌థీయా తీగల్ని
ఇప్పుడు ఆయనే చూసుకుంటాడు.
ఏటా పీపా తెరిచి మొదటి గుక్క
తెల్ల పింగాణీ గిన్నెలో పోసి నాకిస్తాడు.
"చెప్పు నెలీదా, ఎలా ఉంది వాసన?"

మొదటేడు వయొలెట్ పూలన్నాను.
"పూలు నాకు గుర్తులేవు, ఇంకోటి చెప్పు."
వాన పడబోయే ముందు మన సందు, అన్నాను.
తలూపాడు.
పెన్సిల్ చెక్కిన పొట్టు, అన్నాను.
నవ్వాడు,
బడి మానేసిన ఏడు గుర్తొచ్చిందో ఏమో.
నిరుడు మాత్రం
మూడో పీపా దగ్గర నాకు నోరు పెగల్లేదు.
చెక్కపెట్టెలోంచి తీసిన అమ్మ శాలువా అది.
చెప్పాలా, వద్దా?
గిన్నె నా చేతుల్లోంచి తీసుకుని
ముక్కుదాకా తెచ్చి అలాగే పట్టుకున్నాడు చాలాసేపు.
"మంచి పీపానే" అన్నాడు.

ఇక తిండి.
పొగ ఒక్కటీ ఆయనకింకా అందుతుంది,
నాలుకతో అందుతుందంటాడు.
అందుకే బొతీయో:
పంది పక్కటెముకలు, తోక, ఎర్ర మిరపపొడి
పేగులో కూరి, ఓక్ కట్టెల పొగలో వేలాడదీసి,
తర్వాత తీరిగ్గా ఉడకబెట్టి
బంగాళాదుంపలతో, ముదురు క్యాబేజీ ఆకులతో.
కొవ్వు అంగిట్లో పేరుకుంటుంటే
ఈ పులుపు చీపురు పట్టుకొచ్చి ఊడ్చేస్తుంది,
ఇంకో ముద్దకి చోటిస్తుంది.
నిప్పుల మీద కాల్చి తొక్కొలిచిన ఎర్ర మిరపకాయలు సరే.
కాగితంలా కోసిన ఎండు గొడ్డుమాంసం సరే.
చేపలొద్దు,
సంతరోజు బెనీల్దే రాగి డేగిసాలో ఉడికించే ఆక్టోపస్ తప్ప.
అదెందుకు కుదురుతుందో నాకూ తెలీదు.

ఎంత చల్లగా తాగాలని నాన్ననడిగాను.
"గనిలో ఎంతుంటుందో అంత" అన్నాడు.
ఎండాకాలమైనా చలికాలమైనా అక్కడొకటే చలి,
చొక్కా మీద ఇంకో చొక్కా అడిగేంత.

రాత్రి తొమ్మిదయింది.
నాలుగో కాగితం మీద రాశాను:
*నేరేడు రంగు. పులుపు, వగరు, రాయి.
పొగపట్టిన మాంసంతో,
చొక్కా మీద చొక్కా చలిలో తాగండి.
వాసన పక్కనున్న వాళ్లకి మీరే చెప్పండి.*

ఆ చివరి ముక్క ఫెర్మీన్ కొట్టేస్తాడు. తెలుసు.

పెనంలో ఓ కాయ టప్పున పేలింది.
పైగదిలోంచి దగ్గు, ఆ వెంటనే నాన్న గొంతు:
"మాడుతున్నాయా?"
ఉండు, చూసి చెబుతానన్నాను.