ఇష్యూ రిజిస్టర్

మీనా అబ్దుల్లా క్యాంపులో కోళ్లుండవు.
వంటమనిషి తీతు ఫోనులో మాత్రం
నాలుగింటికి ఒక పుంజు కూస్తుంది.
అది విని నూట ఎనభైమందిమి లేచి
ఐదు కుళాయిల ముందు వరస కడతాం.

నాది సామాన్ల గది.
బూట్లు, చేతి తొడుగులు, టోపీలు,
ఎత్తు మీద పనిచేసేవాళ్లు కట్టుకునే బెల్టులు.
ఇచ్చింది రాయడం, తిరిగొచ్చింది కొట్టేయడం.
పదకొండేళ్ల నా కువైట్ అంతా
నాలుగు గడుల నీలం పుస్తకం.

మంగళవారం ఖిమ్‌లాల్ పడిపోయాడు,
మూడో ట్యాంకు మీద నుంచి.
బెల్టులు అయిపోయి అప్పటికి పంతొమ్మిది రోజులు.
ఆ పొద్దున్న నా కిటికీలోకి వంగి అడిగాడు కూడా:
"బెల్ట్ ఆయా క్యా, భాయ్?"
రేపొస్తాయన్నాను.
గ్లోవ్స్ జత ఇచ్చినా సంతకం పెట్టించుకునేవాణ్ణి
ఆ రేపుని ఊరికే ఇచ్చేశాను.

రాత్రి ప్రసన్నబాబు గారు కబురు పెట్టారు.
సైట్‌లో ఆయనే మేనేజరు,
శుక్రవారం కూడికలో ఆయనే పెద్ద.
(ఇక్కడ మాకు శుక్రవారమే ఆదివారం.)
ఆయన ప్రార్థన ఎత్తుకుంటే ఏసీ చప్పుడు కూడా వినబడదు.
నా కూతురు డెంగీతో పడుంటే ఆయనే మోకాళ్లూనారు.
నా అకామా ఆగిపోతే ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగారు.
కూర్చోబెట్టి టీ పోశారు, ఏలకులు దంచి వేసిన టీ.

"ఒక్క గడే కదా తమ్ముడూ.
ఆరింటికి బెల్టు ఇచ్చినట్టు రాయి.
పోయినవాడు ఎటూ పోయాడు,
ఉన్నవాళ్ల అన్నం సంగతి చూడొద్దూ?
దేవుడు హృదయం చూస్తాడు, రిజిస్టర్ చూడడు."

నేను తల ఊపాను.
ఇదీ రాయాలి కదా: ఊపాను.

పై బంకు మీద నిద్ర పట్టక
చలిమంట దగ్గర చేతులు కాచుకున్న ఆ జాలరిని తలుచుకున్నాను.
చిన్నప్పుడు ఆదివారం బడిలో ఎంత నవ్వుకున్నాం,
పనిపిల్ల అడిగితేనే బెదిరిపోయాడని!
ఆయన చుట్టూ కత్తులున్నాయి.
నా ఎదుట ఏలకుల టీ.

మా అమ్మ ఎస్తేరమ్మ కళ్లంలో కూలి గింజలకు ఒడి పట్టేది.
కుంచంలోకి బొటనవేలు దూర్చి కొలిచే ఆసామిని
అక్కడ ఒక్క మాటా అనేది కాదు.
ఇంటికొచ్చి చెరుగుతూ అనేది:
"ఆ వేలికి ఒకనాటికి నోరొస్తుందిరా."
చీకట్లో నా బొటనవేలు తడుముకున్నాను.

పుంజు కూయకముందే తాళం తీశాను.
ఖాళీ గడిని ఎవరైనా నింపొచ్చు.
సున్నా చుడితే ముందు ఒకటి పెట్టొచ్చు.
అందుకని నాకొచ్చిన తప్పుల ఇంగ్లీషులో
అక్షరాలతో రాశాను:
అడిగాడు. ఇవ్వలేదు. పంతొమ్మిది రోజులుగా లేవు. రేపన్నాను.
కింద నా పేరు.
చెయ్యి ఎంత వణికిందంటే
అది నా సంతకంలా లేదు, మళ్లీ పెట్టాను.
అప్పుడు కూసింది తీతు ఫోను.
ఒకటే కూత, ఆపేశాడు.

ఇప్పుడు తాళాలు వేరేవాడి దగ్గరున్నాయి.
నేను ఇసుక ఎత్తుతున్నాను. జీతం సగం.
వచ్చే నెల టికెట్ చేతిలో పెడతారని వినికిడి.
ఖిమ్‌లాల్ ఇంటికి డబ్బు వెళ్లిందో లేదో
నాకు ఎవరూ చెప్పరు.
మొన్న కూడికలో ప్రసన్నబాబు గారు
దారి తప్పిన ఒక తమ్ముడి కోసం కన్నీళ్లతో ప్రార్థించారు.
నేనూ ఆమెన్ అన్నాను, కళ్లు తెరిచే.

ఈ పొద్దున్న బస్సులో నేపాలీ పిల్లలు
కిటికీ పక్క సీటు నాకు వదిలారు.
బెల్టులొచ్చాయా అని అడిగాను.
ఇంకా రాలేదన్నారు.
అయితే ఎక్కొద్దన్నాను,
నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఎక్కలేదు,
ఈ రోజుకి.