గ్లదానీలో ఇనుప తలుపులు

ఆ మూడు శీతాకాలాలూ
తలుపులు తప్ప ఇంకేమీ చెయ్యలేదు నేను.
మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి రేకులు,
రేకుల్లోంచి తలుపులు.
కరెంటు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే పని.
తొమ్మిదంతస్తుల మెట్ల మీద నిప్పురవ్వలు రాలేవి.
పిల్లలు దుప్పట్లు కప్పుకుని లేచొచ్చేవాళ్లు,
ఆ ఏడాది తిబిలిసీలో వాళ్లు చూసిన బాణసంచా అదే.

దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగే కుక్క
నా వెల్డింగ్ మిషను.
ముందుగా ఎవరూ పిలవరు.
మూడో అంతస్తులో బద్రీ ఇంట్లో కరెంటు హీటరు పోయింది.
"కరెంటే లేదు గదా, వాడేం చేసుకుంటాడు నుగ్జార్!"
అని పగలబడి నవ్వాడు.
నవ్వుతూనే బయానా నా చేతిలో పెట్టాడు.
ఆరో అంతస్తులో కుట్టుమిషను, దుప్పట్లు,
పెళ్లి ఫోటోకున్న వెండి చట్రం.
ఫోటోని మాత్రం నలక్కుండా తీసి
బల్ల మీద బోర్లించి వెళ్లాడు.
ఆ ఇంటావిడ మళ్లీ దాన్ని వెల్లకిలా తిప్పలేదు.

నాకు తెలిసిందేదో చెబుతాను.
తాళంకప్ప ఎంత లావుదైనా దొంగ దాని వంక చూడడు.
మడతబందులు బయటికున్నాయా,
ద్వారబంధం గోడని పట్టుకుందా
వట్టి సున్నాన్ని పట్టుకుందా
అని వేలితో తట్టి చూస్తాడు.
నేనూ అంతే. ఇద్దరిదీ ఒకే చదువు.
వంటింటి బాల్కనీ మర్చిపోతారు చాలామంది.
ఊరెళ్తున్నామని రొట్టెల వరసలో నిలబడి చెబుతారు.
ఇక గోనెపట్టా కింద తాళంచెవి దాచేవాళ్లు:
పట్టా ఎత్తడం రాని దొంగ
ఇంకా పుట్టలేదమ్మా.

ఎనిమిదో అంతస్తు ఎతేరి
ట్రామ్‌లో టికెట్లు కోసి కోసి రిటైరైన మనిషి.
మూడు గడియలు కావాలంది.
"ఏముందని నీ ఇంట్లో?" అన్నాను.
"భయం ఉంది. దాన్నొక్కటే ఎవరూ ఎత్తుకుపోలేదు" అంది.
నాలుగు మిల్లీమీటర్ల రేకు పెట్టాను,
మడతబందులు లోపలికి పెట్టాను.
కూలి కింద మూడు సీసాల పచ్చి అక్రోట్ల జామ్,
చచ్చిపోయిన మొగుడి కోటు.
కోటు నాకు సరిగ్గా సరిపోయింది.

ఫిబ్రవరిలో ఆవిడ వంటింట్లో జారిపడింది.
కింద ఇంటి మక్వాలా గరిటెతో పైకప్పు తడితే
పైనుంచి గరిటెతో జవాబొచ్చింది.
బద్రీ భుజంతో గుద్దాడు,
ఎవరో గడ్డపార తెచ్చారు, ఎవరో గొడ్డలి.
తలుపు నా తలుపు.
ఒక్క వెంట్రుకైనా కదల్లేదు.

నన్ను పక్కలోంచి లేపుకొచ్చారు.
కరెంటు లేదు, చేతిరంపమే గతి.
బందులు కోద్దామంటే లోపలున్నాయి,
పెట్టినవాణ్ని తిట్టుకుంటూ గడియల మీద పడ్డాను.
తలుపవతల నేల మీంచి ఎతేరి గొంతు:
"పై గడియ దగ్గర కొయ్యి నాయనా,
అక్కడ నీ అతుకు బాగాలేదు.
ఏడాదిగా చూస్తున్నాను."
నిజమే. ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది.
మిగతాది రేపు చేద్దామనుకున్నాను.
ఆ రేపు చెయ్యని అతుకు దగ్గరే
రంపం దిగింది.

తెల్లవారుజామున నాలుగైంది లోపలికెళ్లేసరికి.
తుంటి విరిగింది.
లిఫ్టు ఎటూ లేదు,
కుర్చీలో కట్టి నలుగురం దించాం.
ప్రతి మలుపులోనూ ఒకటే గొడవ:
"తలుపు తెరిచుంది, తలుపు తెరిచుంది."
మక్వాలా అప్పడాల కర్రతో
ఆ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది,
ఎతేరి ఆసుపత్రిలో ఉన్న పదకొండు రాత్రులూ
వంతులవారీగా ఎవరో ఒకరు కూర్చున్నారు.
ఒక్క చెంచా పోలేదు.

పన్నెండో రోజు కరెంటొచ్చింది.
రెండు గడియలే పెట్టాను ఈసారి,
బయట నుంచి తెరిచే తాళంతో.
రెండో చెవి మక్వాలా ఇంట్లో
ఉప్పు డబ్బా వెనక మేకుకి వేలాడుతోంది.
ఎతేరికి నచ్చలేదు.
"దాని కోడలు నోరు మంచిది కాదు" అంది.
అయినా ఒప్పుకుంది.

ఆ రాత్రి చేతులు కాల్చుకుని, ఆ కోటులోనే
ఇంటికి నడిచాను.
మాది చెక్క తలుపు.
ఒక్క తన్నుకి ఆగదు.
మెట్ల మీద దీపం లేదు.
వంగి, తడుముకుంటూ
గోనెపట్టా ఎత్తాను.