తొంభై ఒకటి

కారణాంకాలు అని బోర్డు మీద రాసి
వెనక్కి తిరిగేసరికి
ఇరవై ఎనిమిది కళ్ళూ కిటికీలోంచి దూకి
రేవుకి వెళ్ళిపోయాయి.
పడవలు వస్తున్నాయి మరి.
కళింగపట్నం దాటి మూడు మైళ్ళు నడిచొచ్చిన
నా సుద్దముక్కకి
పడవలతో పోటీ ఎక్కడ!

"పన్నెండుని నిశ్శేషంగా భాగించే సంఖ్యలేవి?"

సూరాడ కొర్లమ్మ, ఐదో తరగతి,
ముక్కు ఎగబీల్చి లేచింది.
"నిశ్శేషమంటే ఏటి మేడమ్?"
మిగలకుండా, అన్నాను.
"అలగ సెప్పండి మరి.
పన్నెండు సేపలు ఎంతమందికి కుప్పలేస్తే
తగువు రాదో అడగతన్నారు."

ఆ రోజు నుంచి మా బడిలో
కారణాంకమంటే తగువు రాని కుప్ప.
ఇద్దరికి ఆరేసి, ముగ్గురికి నాలుగేసి,
నలుగురికి మూడేసి, ఆరుగురికి రెండేసి,
పన్నెండుగురూ వస్తే తలా ఒకటి,
ఎవరూ రాకపోతే అన్నీ ఒక్కడికే.
అయిదుగురుంటే?
"తన్నుకుంటారు," అన్నాడు మైలపల్లి తాతీలు,
చూసినవాడిలా.

పదమూడు చేపలైతే?
చాలాసేపు వేళ్ళు మడిచారు, విప్పారు.
ఒక్కడైనా ఉండాలి, పదమూడుగురైనా ఉండాలి,
మధ్యలో ఎవరొచ్చినా కుదరదు.
అలాంటివాటిని ప్రధాన సంఖ్యలంటారు, అన్నాను.
"మొండి సంఖ్యలు," అని రాసుకున్నాడు తాతీలు.
దిద్దలేదు నేను.

మర్నాడు నూరు దాకా గళ్ళు గీసి
రెండు చేత వల వేయించాను.
నాలుగు పడింది, ఆరు పడింది,
రెండు గుణిజాలన్నీ కవ్వళ్ళలా
ఒక్క లాగులో వచ్చేశాయి.
మూడు వల వేస్తే ఆరు దొరకలేదు,
అప్పటికే రెండు ఎత్తుకుపోయింది.
"మరి రెండెందుకు పడలేదు మేడమ్?"
నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి ఎవరో,
"వలేసినోడు వల్లో పడతాడేటి!"

విజయనగరంలో నాకు ఈ పాఠం
బెత్తంతో చెప్పారు.
వీపుకి అర్థమైంది, నాకు కాలేదు.

ఏడు వలలో నలభై తొమ్మిది పడేసరికి
అన్నం గంట కొట్టారు.
కోడిగుడ్ల లెక్క చూడాలి, సంతకాలు పెట్టాలి.
మిగిలినవి గబగబా నేనే చెప్పేశాను:
ఎనభై మూడు, ఎనభై తొమ్మిది,
తొంభై ఒకటి, తొంభై ఏడు.
పద్నాలుగు నోటుబుక్కులూ నమ్మేశాయి.

పొద్దున్న బడి వరండాలో గవ్వలు.
ఇసక ఇంకా ఆరలేదు వాటి మీద.
ఏడు వరసలు. వరసకి పదమూడు.
పక్కన కొర్లమ్మ, గౌను కుచ్చెళ్ళు తడి.
రెండుసార్లు లెక్కపెట్టాను,
మూడోసారి పెట్టడానికి మొహం చెల్లలేదు.
పదమూడేళ్ళు తొంభై ఒకటి,
నిద్రలో లేపినా అప్పజెప్పిన ఎక్కం!

"ఏడు వల సగంలో ఒగ్గేసినాం కదా మేడమ్.
లాగతన్న వల ఒగ్గేస్తే
మా నాన్న తిడతాడు."

సుద్దముక్క దాని చేతికిచ్చాను.
మునివేళ్ళ మీద నిలబడి
నా తొంభై ఒకటి మీద గీత గీసింది,
గట్టిగా కాదు.

దిగుతూ అడిగింది,
"ఒకటి ఏ జట్టు మేడమ్?"
ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు అంటుంది పుస్తకం.
కొర్లమ్మకి చాలలేదు.
కాసేపాగి తనే చెప్పింది:
"పడవలాటిదేమో.
అందరి లెక్కలోనూ ఉంటాది,
ఏ వల్లోనూ పడదు."

సాయంత్రం బస్సుకి రేవు దారినే వచ్చాను.
ఆరుగురు మనుషులు, ముప్పై ఏడు కోనాం చేపలు.
మొండి సంఖ్య అనుకుని ఆగాను,
తగువు చూద్దామని, నిజం చెప్పాలంటే.
ఆరారుగా కుప్పలు పడ్డాయి.
మిగిలినదాన్ని ఎవరూ అడగలేదు.
తోకపట్టి తీసుకెళ్ళి
కాలు విరిగి వలలు కుట్టుకుంటున్న
ముసలాయన పక్కన పెట్టి
ఒకడు చేతులు కడుక్కున్నాడు.

శేషాన్ని ఈ ఊళ్ళో ఏమంటారో
రేపు కొర్లమ్మని అడగాలి.