స్టాపర్ బోల్టు

పొద్దుగాల బాగనే ఉరుకుతదంట.
పదిన్నర దాటినంక
ఎంత తొక్కినా
అప్పు అడిగినప్పుడు మేనమామ తీరు
ఆలోచించి, ఆలోచించి
కదులుతదంట.

సువైక్‌ల నిమ్మతోట.
నడుమ చిన్న ట్రాక్టర్.
నారింజ రంగు ఎండకు వెలిసి
చిగుళ్ళ రంగుకు తిరిగింది.
"షూఫ్, కొమురెల్లీ" అని పెడల్ చూపిచ్చి
అర్బాబు మళ్ళ ఏసీ బండిల కూసున్నడు.

ఈ పని పట్టి పదకొండేండ్లు.
ఇంజను జోలికి పోయేముందు
కాళ్ళ కింద చూడాలె, అని
కొత్త పిల్లగాండ్లకు చెప్పేటోన్నే నేను.
ఆ దినం నేనే మరిచిన.
ఉక్క అట్లున్నది,
తలకు చుట్టిన తువ్వాల పిండితే చెంబెడు.

ఎండకు నూనె పలుచబడ్డది, అనుకున్న.
పదిన్నర లెక్క దానికే సరిపోతుండె.
బిళ్ళల చూస్తే గీత కన్న వేలెడు తక్కువ,
రంగు మూడుసార్లు కాచిన చాయ్.
ఫిల్టర్ విప్పితే అడుగున గసి,
గసిల మెరిసే ఇనుప పొడి.
కొత్తది చేతితోనే తిప్పి
మీదికెల్లి ముప్పావు చుట్టు బిగిచ్చిన.
అంతకన్న బిగిస్తే రేపు విప్పేటోడు తిడుతడు,
ఆ విప్పేటోన్ని మళ్ళ నేనే.

నూనె పోసిన. తొక్కిన.
అదే నిదానం.

అప్పుడు పండుకున్న రేకు కింద.
పిన్నుకు తుప్పు.
ఇక్కడ బాయి నీళ్ళకు గూడ సముద్రం రుచి,
ఇనుము ఎన్నాళ్ళు ఓర్సుకుంటది?
గ్రీసు రాయి అయింది, గీకి తీసిన.
డీజిల్ కొట్టిన. స్ప్రింగు మంచిగనే ఉన్నది.
రాడ్డు అటు ఇటు ఆడుతున్నది.
ఆడి, సగంల ఆగుతున్నది.

ఎందుకు ఆగుతున్నదో
అప్పుడు కనపడ్డది.

పెడల్ మడిమె కింద
చెప్పు ముక్క.
నీలి రబ్బరు, రెండు మడతలు,
బొక్క పొడిచి తీగ గుచ్చి
తీగ కొసకు కొక్కెం.
కావాలన్నప్పుడు పెట్టెతందుకు,
వద్దన్నప్పుడు తీసెతందుకు.
ఓపికతోని చేసిన పని అది.

రేకు కింది నుంచే చూసిన.
డ్రైవరు మొఫిజుల్ కాళ్ళు కనపడ్డయి.
కదలలే.
పదిన్నరకు ఏమైతది, అన్న.
చాన సేపటికి హిందీల అన్నడు:
పదిన్నరకు ట్రాలీ ఎక్కుతరు,
నిమ్మకాయల డబ్బాల మీద తొమ్మిది మంది.

డబ్బాల కాడ ఒక పిల్లగాడు
కుడిచేతితోనే కాయలు ఏరుతున్నడు.
ఎడమచెయ్యి
వేరే వాళ్ళది ఎవలిదో ఒడిల పెట్టుకున్నట్టు
పెట్టుకున్నడు.
పోయిన రంజాన్‌కు ముందట, కాలువ మలుపు కాడ, అన్నడు మొఫిజుల్.
యల్లా యల్లా అంటుండె ఎనకాల నుంచి, అన్నడు.
ఎవరని నేను అడుగలే.

చెప్పు ముక్క తీసి అతని జేబుల పెట్టిన.
అతని మొఖం పాలిపోయింది.
అరె, జారి బ్రేకు కింద పడితే
అప్పుడేం చేస్తవుర, అని తిట్టిన తెలుగుల,
అర్థమైనట్టే తల ఊపిండు.
దీనికి కంపెనీ వాడే ఒక బోల్టు పెట్టిండు,
పెడల్ ఎంత దూరం పోవాలెనో చెప్పే బోల్టు.
పదమూడు నంబర్ పానా.
రెండు చుట్లు బయటికి,
మీద లాక్‌నట్టు.

అర్బాబు దిగి తోలి చూసిండు.
"ఇప్పుడు పొద్దుగాల గూడ గంతే పోతది గద?"
పంపు అరిగింది అర్బాబ్, అన్న,
ఇంక గట్టిగ తొక్కితే పగులుతది.
పంపు ధర ఎంత, అన్నడు.
చెప్పిన. కొంచెం ఎక్కువే చెప్పిన.
ఖలాస్, ఇట్లనే పోనీ, అన్నడు.

బిల్లు: నూనె, ఫిల్టరు, గ్రీసు.
అబద్ధానికి ఏం రాయలె.

మనోళ్ళు ఎవలన్న
ఆ తోటకు పనికి పోతే,
పెడల్ లేజీ ఉన్నదని పిలిస్తే,
నూనె చూడుర్రి, ఫిల్టర్ చూడుర్రి,
ఆ బోల్టుకు ఎర్ర రంగు పూసిన,
దాన్ని మాత్రం ముట్టకుర్రి.