కోటిపల్లి రేవులో చందుర్తి

పోటు రాక, ఆఖరి పంటు
అవతల ముక్తేశ్వరం ఒడ్డున ఇసకమేటలో ఇరుక్కున్న రాత్రి,
టిక్కెట్ల గుమాస్తాని నేను, నా బల్ల మీద
మళ్ళీ మొదలైంది చందుర్తి యుద్ధం.

నేమాని కామేశం మాష్టారు
రెండు గోళీసోడా బుడ్లు అడ్డంగా పడుకోబెట్టి
ఫ్రెంచి ఫిరంగులన్నారు.
అగ్గిపుల్లలు సిపాయిలు.
ఎర్రతలలవి ఇంగ్లీషు వైపు,
బీడీలు ముట్టించి పారేసిన నల్లతలలు ఏరుకొచ్చి ఫ్రెంచి వైపు.
మధ్యలో, సుభద్ర కుంపటి దగ్గర అరువు తెచ్చిన
ఒలవని పొత్తు ఒకటి. అది చేను.

"పదిహేడు వందల యాభై ఎనిమిది, డిసెంబరు,"
నిన్న సాయంత్రం అన్నంత ధీమాగా చెప్పారు.
"చేను వెనక తెల్లపటాలం నక్కింది.
చేను పక్కన బెంగాల్నించి ఓడలో తెచ్చిన సిపాయిలు,
ఎర్రకోట్లలో.
ఫ్రెంచాయన కోటు చూశాడు, మొహం చూడలేదు.
వీళ్ళే తెల్లవాళ్ళనుకుని అటు తిరిగాడు.
తిరిగాడా, పక్కటెముకలు అప్పజెప్పాడు."
ఉఫ్ అని ఊదితే
నల్లపుల్లలు నా గల్లాపెట్టె కిందికి పారిపోయాయి.
"ఒక్క వేగువాణ్ణి చేలోకి పంపుంటేనా,
ఇవాళ నువ్వీ టిక్కెట్టు ఫ్రెంచిలో చింపేవాడివోయ్!"

నావ సంగాడి పోలయ్య ఒప్పుకోడు.
"చేలో కాదండి, రేవులో పోయిందది.
పారిపోయొచ్చి రాజమండ్రి కాడ గోదారి దాటాడా మీ దొర?
దాటినోడు పడవలన్నీ అవతలే కట్టేసుకుంటే
ఎనకాల ఎవడొస్తాడండి?
లోతు తెలిసినోణ్ణి అడగరు కదా,
ఆయ్, పెద్దోళ్ళు."

"అసలది మొక్కజొన్నే కాదు,"
సుభద్ర విసనకర్ర ఆపలేదు.
"మార్గశిరంలో మనిషిని దాచే ఎత్తు నిలబడుందంటే జొన్న.
మొక్కజొన్న అప్పటికి విరిచేస్తారు."
"పుస్తకంలో మరి..."
"పుస్తకం రాసినాయన ఏనాడన్నా కోతకెళ్ళాడా?
సర్లెండి, ఆ తొక్కేసిన చేనుకి
డబ్బులెవరిచ్చారో అదన్నా రాశాడా?"
మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
ఇరవై ఏళ్ళుగా చెబుతున్న యుద్ధం,
ఆ పద్దు ఒక్కటీ ఆయన దగ్గర లేదు.

హవల్దారు గెడ్డం ప్రకాశం ఇంతసేపూ నోరు విప్పలేదు.
ఎర్రతల పుల్లనొకదాన్ని
వేళ్ళ మధ్య తిప్పుతూ కూచున్నాడు.
"వాళ్ళకి చెప్పారా మాష్టారూ?"
"ఎవరికి?"
"ఆ ఎర్రకోట్లోళ్ళకి. మీరు ఎర అని."

పోలయ్య గేలాల బుట్టను కాలితో పక్కకి నెట్టాడు.

డెబ్బై ఒకటిలో, అదే బెంగాల్లో,
పేరు నోరు తిరగని ఏటి ఒడ్డున
వీళ్ళ ప్లటూనుకి నలభై లాంతర్లు ఇచ్చారట.
వెలిగించి పట్టుకుని
తెల్లారేదాకా అటూ ఇటూ తిరగమన్నారట.
పెద్ద పటాలం ఇక్కడే దాటుతుందని
అవతలివాడు నమ్మాలి.
నమ్మాడు.
అసలు పటాలం ఆరు మైళ్ళ దిగువన, చీకట్లో,
ఒక్క గుండు చప్పుడు లేకుండా దాటేసింది.

"మంచి ప్లానే," అన్నాడు ప్రకాశం.
"ఆఫీసర్నయితే నేనూ అదే వేద్దును."
కాసేపాగి,
"పొద్దున లెక్కపెడితే పదకొండు లాంతర్లు ఉన్నాయి."

మళ్ళీ తనే నవ్వబోయాడు.
"వాళ్ళు అక్కణ్ణించి ఓడెక్కొచ్చి మన చేలో పడ్డారు.
మేం ఇక్కణ్ణించి రైలెక్కెళ్ళి వాళ్ళ ఏట్లో.
చెల్లుకి చెల్లు."
ఆ నవ్వు మాలో ఎవరికీ అంటుకోలేదు.

సుభద్ర వచ్చి చేనుని తీసుకుపోయి
ఒలిచి, నిప్పుల మీద పెట్టింది.
మాష్టారి తరవాతి మాట "అయితే..." దగ్గరే ఆగిపోయింది.
బల్ల మీద ఎర్రపుల్లలు
ఎదురుగా ఎవరూ లేకపోయినా నిలబడే ఉన్నాయి.

అప్పుడు పోటు తగిలింది.
అవతల పంటు దీపం కదిలింది,
నీళ్ళ మీద మెల్లగా మావైపు నడిచింది.
రేవంతా లేచి అటే చూసింది,
మూటలూ, సైకిళ్ళూ, నిద్రమొహాల పిల్లలూ.
ప్రకాశం మాత్రం
దిగువకి చూస్తున్నాడు,
దీపం లేని వైపు.